కౌన్సెలింగ్ గదిలోకి కుక్కని తీసుకురావాలంటే

"మా కుక్క చాలా మంచిదండి, ఎవరొచ్చినా తోక ఊపుతుంది, దీన్ని సెషన్లకి తీసుకెళ్లొచ్చా?" అని నెలకి ఒకరైనా అడుగుతున్నారు. ఎక్కువమంది కొత్తగా ప్రాక్టీస్ పెట్టిన కౌన్సెలర్లే. ఒక్క ముక్కలో చెప్పమంటే, ఇప్పుడే వద్దు అంటాను. ఎందుకు వద్దో, ఎలాంటి కుక్కయితే పనికొస్తుందో, తీసుకెళ్లాక గదిలో ఏం చేయాలో నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను. నేను హైదరాబాద్‌లో పిల్లలతో, ఇంటర్ చదివేవాళ్లతో ఎక్కువగా పని చేస్తాను. నాతోపాటు జొన్న అనే నాటు కుక్క పని చేస్తుంది. అచ్చం జొన్నరొట్టె రంగు, అందుకే ఆ పేరు. క్లయింట్ల వివరాలన్నీ ఎవరూ గుర్తుపట్టకుండా మార్చేశాను.

ఇదేమీ నిన్నగాక మొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు. 1930లలో వియన్నాలో, సైకోఎనాలిసిస్‌కి ఆద్యుడైన ఫ్రాయిడ్ సెషన్లు చేస్తుంటే ఆయన పెంచుకున్న చౌ జాతి కుక్క యోఫీ అదే గదిలో పడుకునేది. టైమ్ అయిందంటే లేచి ఆవులించేది, ఇక గడియారం చూడాల్సిన పనే ఉండేది కాదని వాళ్లింట్లో చెప్పుకునేవారు. 1960లలో న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల సైకాలజిస్టు, తనతో మాట్లాడని పిల్లలు తన కుక్క జింగిల్స్‌తో మాట్లాడుతున్నారని గమనించి దాని మీద వ్యాసాలు రాశాడు. తోటి డాక్టర్లు నవ్వారట, ఫీజులో కుక్కకి ఎంత వాటా ఇస్తున్నావని కూడా అడిగారట. మన దగ్గర ముంబయిలో ఏనిమల్ ఏంజెల్స్ ఫౌండేషన్, చెన్నైలో డాక్టర్ డాగ్ పేరుతో బ్లూ క్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థ ఈ పని చేశాయి. నేర్చుకోవాలనుకుంటే ఇలాంటి చోట ముందు కొన్నాళ్లు పక్కన నిలబడి చూడండి. నెట్‌లో థెరపీ కుక్కలకని నారింజ రంగు జాకెట్టు, దాంతోపాటు ఒక సర్టిఫికెట్టు అమ్ముతుంటారు, దాని జోలికి పోకండి. జాకెట్టు వేసినంత మాత్రాన కుక్క బుద్ధి మారదు.

ముందు ఇంట్లోనే పరీక్ష పెట్టండి

జాతి గురించి ఎక్కువ ఆలోచించకండి. లాబ్రడార్ అయితేనే పనికొస్తుందని ఎక్కడా లేదు, పైగా ఒంటినిండా బొచ్చుండే హస్కీనో సెయింట్ బెర్నార్డ్‌నో తెచ్చి మన ఏప్రిల్ ఎండల్లో పని చేయించడం దాన్ని హింసపెట్టడమే. చూడాల్సింది స్వభావం. కనీసం ఏడాది నిండాలి, నన్నడిగితే రెండేళ్లు వచ్చాక మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే కుర్రతనంలో బుద్ధిగా ఉన్న కుక్క పెద్దయ్యాక అలాగే ఉంటుందని హామీ లేదు.

కుక్క కాస్త దూరంలో ఉండగా ఒక స్టీలు పళ్లెం కింద పడేయండి. ఉలిక్కిపడితే తప్పేమీ లేదు, మనమూ పడతాం. ఎంతసేపట్లో మామూలవుతుందన్నదే చూడాలి. తలెత్తి చూసి మళ్లీ పడుకుంటే బాగున్నట్టు, మంచం కిందకి దూరి పది నిమిషాలు బయటికి రాలేదంటే పాపం దాన్ని ఇంట్లోనే హాయిగా ఉండనివ్వండి. తర్వాత కుక్కకి కొత్త అయిన స్నేహితురాలిని ఎవరినైనా పిలిచి, కుర్చీలో కూర్చుని నిజంగా ఏడుస్తున్నట్టు పెద్దగా ఏడవమనండి. కొన్ని కుక్కలు దగ్గరికెళ్లి కూర్చుంటాయి, కొన్ని మీదకెక్కి మొహం నాకేస్తాయి, కొన్ని గుమ్మం వైపు వెళ్లి నిలబడతాయి. మొదటిది కావాలి, రెండోది శిక్షణతో మారొచ్చు, మూడోదాన్ని బలవంతపెట్టకండి. ఇంకా లిఫ్టు, చేతికర్ర పట్టుకుని నడిచే పెద్దాయన, చక్రాల కుర్చీ, ఒక్కసారిగా పరిగెత్తే చిన్నపిల్లాడు, ఆటో హారన్, ఇవన్నీ ఒకే రోజు కాకుండా రోజుకొకటి చొప్పున చూపించి గమనించండి.

కూర్చోమంటే కూర్చోవడం, పడుకోమంటే పడుకోవడం, పిలిస్తే రావడం, కింద పడిన తిండిని వదిలేయమంటే వదిలేయడం, ఈ నాలుగూ ఎక్కడైనా, ఎవరి ఎదుటైనా చేయగలగాలి. తిండి వదిలేయడం ఎందుకో ఒక సంగతి చెప్తాను. ఒకావిడ తిరుమల నుంచి వచ్చిన మర్నాడే సెషన్‌కి వచ్చి, నాకు ప్రసాదం ఇచ్చి, మిగిలిన ముక్క ప్రేమగా జొన్న నోటి దగ్గర పెట్టింది. లడ్డూలో కిస్మిస్ ఉంటుంది కదా, కిస్మిస్ కుక్కల కిడ్నీలని పాడు చేస్తుంది, ఎంత తింటే ప్రమాదమన్నది కుక్కని బట్టి మారిపోతుంది. ప్రసాదం వద్దనలేం, కుక్కకి పెట్టనివ్వలేం. ఆవిడకి నేను సంగతి చెప్పేలోపే, ఎన్నాళ్ల నుంచో నేర్పిన ఒక్క మాటకి జొన్న మొహం తిప్పేసుకుంది. ఆవిడ కాస్త నొచ్చుకుంది, విషయం చెప్పాక "అయ్యో తెలీదమ్మా" అని తనే తినేసింది. అప్పటినుంచి గోడ మీద ఒక కాగితం అంటించాను: చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్, ఉల్లిపాయ కలిసినవి ఏవీ పెట్టొద్దు, పెట్టాలనిపిస్తే నన్నడగండి, డబ్బాలో దానికోసం చిరుతిండి ఉంది.

టీకాలు, కాగితాలు

ఇది త్వరగా చెప్పేస్తాను. ఏటా రేబిస్ టీకా, డిస్టెంపర్-పార్వో టీకా, లెప్టోస్పైరోసిస్ టీకా, మూడు నెలలకోసారి నులిపురుగుల మందు, పిడుదులకి క్రమం తప్పకుండా మందు. పచ్చి మాంసం తినిపించేవాళ్లు సెషన్ల కుక్కకి అది మానేయాలి, ఆ నోటితో, ఆ లాలాజలంతో పిల్లలకి సాల్మొనెల్లా లాంటి బాక్టీరియా అంటుకునే ప్రమాదం ఉంది. గోళ్లు పొట్టిగా ఉండాలి. సెషన్ల ముందు రోజు శుభ్రంగా తుడవడమో దువ్వడమో చేయాలి. మున్సిపాలిటీలో పెంపుడు కుక్క రిజిస్ట్రేషన్ చేయించండి, టీకాల పుస్తకం క్లినిక్‌లోనే ఒక కాపీ పెట్టుకోండి, బిల్డింగ్ అసోసియేషన్ నుంచి ఒక కాగితం రాయించుకోండి. ఈ చివరిది మర్చిపోయి నేను పడ్డ తిప్పలు చెప్పుకుంటే పొద్దుపోతుంది. మూడో అంతస్తు నుంచి రోజూ మెట్లు దిగి, మళ్లీ ఎక్కి, రెండు నెలలు లిఫ్టు మొహం చూడలేదు, నేనూ జొన్నా.

ఫోన్‌లోనే అడగాల్సినవి

క్లయింట్ గుమ్మంలోకి వచ్చాక అడగకూడదు. కుక్క ఎదురుగా ఉన్నప్పుడు మొహమాటానికి ఎవరైనా "పర్లేదు" అంటారు. అందుకే అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే, కుక్క ఉండే సెషన్ కావాలా, లేనిది కావాలా అని, రెండూ ఒకటే అన్నట్టు మామూలుగా అడగండి. ఆస్తమా, అలర్జీ ఉన్నాయా, ఇంట్లో ఎవరైనా కీమోథెరపీ లాంటి వైద్యంలో ఉన్నారా, ఒంటి మీద మానని పుండ్లున్నాయా, ఎప్పుడైనా కుక్క కరిచిందా, పెంచుకున్న జంతువు ఈమధ్య చనిపోయిందా అన్నవి కూడా ఒక ఫారంలో ఉండాలి. ఇంకోటి కూడా, అడగడానికి ఇబ్బందిగా ఉన్నా అడగాలి: జంతువుల్ని ఎప్పుడైనా కొట్టడం, హింసించడం జరిగిందా. అవునంటే ఆ మనిషికి మీ సాయం ఇంకా ఎక్కువ అవసరం, కానీ కుక్క లేకుండా.

ఇంటి ఆచారాల సంగతి మీరే ఊహించుకోకండి. ముస్లిం క్లయింట్లలో కొందరికి కుక్క నోరు తగిలితే నమాజుకి ముందు ఆ చోటు కడుక్కోవాలి, బట్టలు మార్చుకోవాలి అన్న పట్టింపు ఉంటుంది, కొందరికి ఉండదు. మడి, ఆచారం పాటించే ఇళ్లలోనూ అంతే. ఇంకొకరు కాలభైరవుడి వాహనమని దండం పెట్టి మరీ లోపలికి వస్తారు. పేరు చూసి నిర్ణయించేయకుండా అందరినీ ఒకే ప్రశ్న అడిగితే సరిపోతుంది: "కుక్క ముట్టుకోకుండా దూరంగా ఉంటే మీకు ఓకేనా, అసలు గదిలోనే వద్దా?"

తల్లిదండ్రుల మాట మీద ఆధారపడి నేనొకసారి దెబ్బతిన్నాను. "మావాడికి కుక్కలంటే ప్రాణం మేడమ్" అని అమ్మ ఫోన్‌లో నాలుగుసార్లు చెప్పింది. ఆ ఎనిమిదేళ్ల బాబు లోపలికి వచ్చి జొన్నని చూసిన మరుక్షణం చెప్పులతో సహా నా కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. వాడికి ప్రాణం యూట్యూబ్‌లో కుక్కలంటే. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల బాబుని చంపేసిన వీడియో మన ఊళ్లో ఎంతమంది పిల్లలు పెద్దల ఫోన్లలో చూశారో, వీడూ చూశాడు. ఆ భయం తప్పు కాదు, దాన్ని పోగొడదామని కుక్కని ఇంకాస్త దగ్గరికి తేవడం మహా తప్పు. భయం మీద పని చేయడం వేరే సంగతి, దానికి వేరే ప్రణాళిక, వేరే ఒప్పందం ఉండాలి. ఆ రోజు జొన్నని బయటికి పంపేసి, ఆ బాబుతో సెషనంతా లూడో ఆడాను. తర్వాత నుంచి పిల్లల్ని నేనే ఫోన్‌లో విడిగా అడుగుతున్నాను.

గది

కుక్కకి తనదైన ఒక మూల ఉండాలి, చిన్న పరుపు, నీళ్ల గిన్నె, అక్కడ ఉన్నప్పుడు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. గుమ్మానికీ క్లయింట్ కుర్చీకీ మధ్య ఆ మూల పడకుండా చూసుకోండి, వెళ్లిపోవాలనిపించినప్పుడు కుక్కని దాటుకుని వెళ్లాల్సి వస్తే ఆ మనిషి ఇరుక్కుపోయినట్టు ఫీలవుతారు. కుక్కకీ అంతే, దానికి బయటికి దారి ఉండాలి. తివాచీ తీసేయండి, నున్నటి టైల్స్ అయితే కాళ్లు జారని చాప ఒకటి వేయండి. అలర్జీ కలిగించే సూక్ష్మమైన పొట్టు కుక్క వెళ్లిపోయాక కూడా గదిలో వారాల తరబడి ఉంటుంది కాబట్టి, అలర్జీ ఉన్నవాళ్లని కుక్క లేని రోజు ఇదే గదికి పిలిస్తే చాలు అనుకోకండి, వాళ్లకి వేరే గది ఉండాలి. చేతులు కడుక్కునే చోటు దగ్గర్లో ఉండాలి, వచ్చేటప్పుడు ఒకసారి, వెళ్లేటప్పుడు ఒకసారి.

ఎండాకాలంలో కుక్క సెషన్లన్నీ పొద్దున పదిలోపే. అరచేతి వెనక వైపు రోడ్డు మీద ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క కాళ్లూ ఉంచలేవు. దీపావళికి ముందూ వెనకా నాలుగు రోజులు జొన్నకి పూర్తి సెలవు.

మొదటి సెషన్ మొదటి పది నిమిషాలు

క్లయింట్ వచ్చి కూర్చునేదాకా కుక్క తన మూలలో బెల్టుతో ఉంటుంది. కుశలప్రశ్నలయ్యాక నేను చెప్పే మాటలు దాదాపు ప్రతిసారీ ఇవే: "ఇది జొన్న. దగ్గరికి రావాలంటే రావచ్చు, రాకపోవచ్చు. ఒక్కోరోజు నా దగ్గరికే రాదు. నీకు వద్దనిపిస్తే చెప్పు, బయటికి పంపించేస్తాను, దానికేం బాధ ఉండదు." ఈ ముందుమాట వదిలేశారో, కుక్క మొహం తిప్పుకున్న రోజు ఆ పిల్ల "కుక్కకి కూడా నేను నచ్చలేదు" అని ఇంటికి మోసుకెళ్తుంది. అది మీరు మూడు సెషన్లు కూర్చున్నా పోదు.

తర్వాత ముట్టుకునే పద్ధతి నేర్పండి. తల మీద చెయ్యి వేయొద్దు, మీదకి వంగొద్దు, చెయ్యి పక్కన కిందకి ఉంచి ఆగాలి, అది వచ్చి వాసన చూస్తే మెడ పక్కన మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయాలి, ఇంకా కావాలంటే అదే దగ్గరికి జరుగుతుంది, జరగకపోతే చాలన్నట్టు. వినడానికి కుక్క గురించి పాఠంలా ఉంటుంది కానీ, ఇంట్లో ఎవరికీ వద్దు అని చెప్పడం చేతకాని ఒక పద్నాలుగేళ్ల అమ్మాయి ఈ మూడు సెకన్ల దగ్గర ఆగిపోయి, "అది వద్దంటే నిజంగా ఊరుకోవాలా?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న మీద మేము నెల రోజులు పని చేశాం.

మధ్యలో కుక్కతో చేయాల్సిన పని

కుక్క గదిలో ఉంటే చాలు, ఏదో మంచి జరిగిపోతుంది అనుకుంటే అది వట్టి ముచ్చట. ఈ సెషన్లో కుక్క ఎందుకుందో మీ నోట్స్‌లో ఒక వాక్యం రాయగలగాలి. "కుక్కని చూసి సంతోషించాడు" అన్నది నోట్ కాదు. "చేతులకి పని ఉన్నప్పుడు కాలేజీ గురించి మాట్లాడగలుగుతున్నాడా చూడాలి" అన్నది నోట్.

నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చినది ఒక మామూలు దువ్వెన. కార్పొరేట్ హాస్టల్లో ఇంటర్ చదువుతున్న ఒక అబ్బాయి మూడు సెషన్లు "ఏం లేదు మేడమ్" తప్ప ఇంకేం మాట్లాడలేదు. నాలుగోసారి నేల మీద కూర్చోబెట్టి దువ్వెన చేతికిచ్చి, వెంట్రుకలు ఏ వైపు పడుకుంటే ఆ వైపే దువ్వమన్నాను. నేనూ నేల మీదే, ఎదురుగా కాకుండా పక్కన. ఐదు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. జొన్న వీపు మీద రాలిన వెంట్రుకలు ఉండలా చుట్టి ఒక పక్కన పెడుతూ, తలెత్తకుండా అడిగాడు, "దీన్ని కూడా పొద్దున నాలుగున్నరకి లేపుతారా?" లేదు, ఆరున్నర దాకా పడుకుంటుందన్నాను. "లేవకపోతే ఏమంటారు?" ఏమీ అనను అన్నాను. దువ్వెన ఆగింది. తర్వాత, లేవకపోతే వాళ్ల దగ్గర ఏమంటారో చెప్పడం మొదలుపెట్టాడు.

అక్కడ నేను చేసిన మంచి పని నోరు మూసుకోవడం ఒక్కటే. "అంటే నిన్ను లేపుతారన్నమాట" అని వెంటనే అందుకుని ఉంటే మళ్లీ "ఏం లేదు మేడమ్" దగ్గరికే వచ్చేవాళ్లం. కుక్క గురించి అడిగిన ప్రశ్నకి కుక్క గురించే జవాబివ్వండి. దాటి రావాల్సింది వాళ్లు.

ఏడుపు దగ్గర జాగ్రత్త. క్లయింట్ ఏడుస్తుంటే కుక్క లేచి వెళ్లి తల ఒళ్లో పెడుతుంది, చూసేవాళ్లకి ఎంత బాగుంటుందో. కానీ చాలామంది వెంటనే కళ్లు తుడుచుకుని కుక్కని ముద్దు చేయడం మొదలుపెడతారు, మూడు నెలల తర్వాత బయటికి వచ్చిన ఏడుపు అక్కడితో ఆగిపోతుంది. అది ఊరటో అడ్డమో ఆ క్షణంలో మీరే తేల్చుకోవాలి. నేనైతే ఒక్కోసారి జొన్నని చేతి సైగతో దాని మూలలోనే ఉంచేస్తాను.

కుక్క ఏం చెబుతోందో చూస్తూ ఉండండి

మాటిమాటికీ పెదాలు నాక్కోవడం, నిద్ర లేకుండానే ఆవులించడం, మొహం తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఏసీలో కూడా వగర్చడం, తడవకపోయినా ఒళ్లు విదిలించడం, తోక కాళ్ల మధ్యకి రావడం, ఇవి టెన్షన్ గుర్తులు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ యోఫీ ఆవులింతలకి గడియారంతో సంబంధం ఉందా, ఇక నావల్ల కాదని చెప్పడమా అని నాకు డౌటే. రెండు గుర్తులు వరసగా కనిపిస్తే కుక్కని బయటికి పంపించేయండి, "జొన్నకి అలసటగా ఉంది, కాసేపు రెస్ట్" అని క్లయింట్‌కి చెప్పి మాటలు కొనసాగించండి. ముఖ్యంగా గుర్రుమన్నందుకు తిట్టకండి. తిడితే గుర్రు మానేస్తుంది, ఆ తర్వాత హెచ్చరిక లేకుండా కరుస్తుంది.

ఇదంతా నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు. జొన్న కంటే ముందు నాకొక లాబ్రడార్ ఉండేది, ఎవరినైనా ఇష్టపడేది, దాన్ని రోజుకి నాలుగు సెషన్లు, వారానికి ఐదు రోజులు కూర్చోబెట్టాను. తోక ఊపుతోంది కదా, బాగానే ఉందనుకున్నాను. ఐదో నెలలో క్లినిక్ కింద కారు తలుపు తెరిస్తే దిగలేదు. సీటు కింద తల పెట్టేసి అలాగే ఉండిపోయింది. దానితో మళ్లీ పని చేయించలేదు. జొన్నకి రోజుకి రెండు సెషన్లే, మధ్యలో గంటకి పైగా విరామం, వారానికి మూడు రోజులు.

అందుకే మొదట్లో మీరు ఒక్కరే రెండు పనులు చేయకండి. మనిషి మొహం చూస్తుంటే కుక్క చెవులు కనబడవు, కుక్కని చూస్తుంటే మనిషి మాట జారిపోతుంది. కుక్కని చూసుకోవడానికి ఒకరిని పెట్టుకోండి, గోప్యత గురించి ఆ మనిషితో సంతకం తీసుకోండి, గదిలో మూడో మనిషి ఉంటారని క్లయింట్‌కి ముందే చెప్పి ఒప్పుకుంటేనే కూర్చోబెట్టండి. పిల్లల గుంపుతో చేసే సెషన్లలో అయితే ఎన్నేళ్ల అనుభవం ఉన్నా ఆ మనిషి ఉండి తీరాల్సిందే.

గోరు గీసుకున్నా, పన్ను తగిలినా

"టీకాలు వేయించిన కుక్కే" అని తేలిగ్గా తీసేయకండి. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి, పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టకండి, అదే రోజు డాక్టర్ దగ్గరికి పంపండి, టీకా కావాలో వద్దో తేల్చాల్సింది డాక్టరు. కుక్క టీకాల పుస్తకం ఫోటో వాళ్లకి ఇచ్చేయండి, పది రోజులు కుక్కని గమనిస్తూ సెషన్లు ఆపేయండి, జరిగింది జరిగినట్టు తేదీతో రాసిపెట్టుకోండి. పిల్లాడికైతే ఇంటికి వెళ్లాక తెలిసేలా కాకుండా గీత పడ్డ ఐదు నిమిషాల్లో తల్లిదండ్రులకి మీరే చెప్పండి.

కుక్క రాని రోజు

కుక్కకి ఒంట్లో బాగోదు, ముసలిదవుతుంది, ఒకరోజు పోతుంది. ఇది క్లయింట్లకి గుమ్మంలో తెలియకూడదు. జొన్నకి ఇప్పుడు తొమ్మిదేళ్లు, వచ్చే ఏడాది మాన్పించేస్తానని పాత క్లయింట్లందరికీ ఇప్పటినుంచే చెబుతున్నాను, చిన్నపిల్లలకైతే క్యాలెండర్‌లో నెల చూపించి చెబుతున్నాను. దాన్ని అడ్డం పెట్టుకుని మాట్లాడేవాళ్లకి ఈ లోపు అది లేకుండా కొన్ని సెషన్లు పెట్టి చూస్తున్నాను. మామూలు రోజుల్లో దానికి నలతగా ఉంటే ముందు రోజు రాత్రే మెసేజ్ పెడతాను: "రేపు జొన్న రావట్లేదు. నేనుంటాను. వస్తారా, వేరే రోజుకి మార్చమంటారా?" ఆ దువ్వెన అబ్బాయి డిగ్రీలో చేరాక కూడా అప్పుడప్పుడు వస్తుంటాడు. పోయిన నెల ఈ మెసేజ్‌కి "పర్లేదు మేడమ్, వస్తాను, దాన్ని పడుకోనివ్వండి" అని జవాబిచ్చాడు.